వెనక పిలిచిన పెట్టె

అది కాదండీ ఇంజనీరుగారూ, పెట్టె పెట్టేరు సరే, దానికి కాస్త మంచీ మర్యాదా నేర్పొద్దాండీ? మా మగాళ్ళు పడవెక్కి గడ వేసేరో లేదో, వెనకనుంచి అంత గొంతేసుకుని కూతలా?

నవ్వకండి. నన్ను పంపింది మా వాళ్ళే. ఆడదాన్నయితే తవరు కసురుకోరని. ఆ మాటా ఈ మాటా చెప్పి పొద్దుటి కూత మానిపించుకు రావే అప్పాయమ్మా అన్నారు. ఆయ్, కూర్చుంటాను. అరుగు మీదే బాగుందండి.

గాలివాన రోజులు రాకముందే సరిచూసుకోవాలంటారు. చూసుకోండి, కాదన్నామా? ఆకాశంలో తిరిగేదేదో గాలివాన కబురు మోసుకొచ్చి, బడి మీద మీరు పెట్టిన ఆ పళ్ళెంలో పడేస్తే, పెట్టె కూత పెట్టి మనకి చెబుతుందన్నారు. తీరా మొదటిరోజు ఏం చెప్పిందండీ? అరవం! ఎవరి ఊరి కబురో మనూళ్ళో పడింది. మా ఇంటాయన చెవి ఒగ్గి విని, “ఇది అరవోళ్ళ గాలివానే, మనది కాదు” అని తాపీగా చుట్ట ముట్టించుకున్నాడు. మీరేమో చెమటలు కక్కుకుంటా ఆ తీగలన్నీ పీకి మళ్ళీ పెట్టేరు. పాపం, ఆ పూట అన్నం కూడా తిన్లేదు. ఇప్పుడు తెలుగే మాటాడతంది లెండి, రేడియోలో వార్తలు చదివే ఆవిడలాగ.

అయితే మాత్రం? బయల్దేరిన మనిషిని వెనక పిలవచ్చాండీ? మీ ఇళ్ళల్లో పిలుస్తారా? అందులోనూ సముద్రం మీదకెళ్ళేవోణ్ణి! నిన్న పొద్దున్న ఇది కూసేసరికి మావోళ్ళందరూ పడవలు తిప్పేసుకుని కొంపలకొచ్చేరు. కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని లేచేసరికి ఆటు కాస్తా అయిపోయి పోటు ఎదురు తిరిగింది. ఇంక ఏటి మొగ దాటి సముద్రంలోకి వెళ్ళేదెలాగ? ఊరంతా నిన్న ఉత్త చారేనండి. చేప వాసన లేదు.

ఏంటీ? మధ్యాహ్నానికి మార్చేస్తారా? పడవలన్నీ ఒడ్డునున్నప్పుడు కూయిస్తారా?

వద్దండి బాబూ.

ఆగండాగండి, చెబుతాను. మా చిన్నతల్లి వదిన తెలుసు కదా, మొన్న మీకు మజ్జిగ పోసింది, ఆవిడే. డెబ్బై ఏడు గాలివాన ముందర మా అన్నయ్య వెంకన్న బయల్దేరుతుంటే, ఆ ఆకాశం చూసి ఆవిడకి గుండెల్లో రాయి పడింది. వెనక పిలవకూడదు కదండీ. కొంగు నోట్లో కుక్కుకుని గుమ్మంలో నిలబడిపోయింది. అన్నయ్య పడవ ఇంక రాలేదు. పిలిస్తే తప్పు, పిలవకపోతే ఇదీ. ఆడవాళ్ళం ఏం చేస్తామండీ?

నిన్న మీ పెట్టె పిలిచింది. మా ఇంటాయన దాన్నీ, మిమ్మల్నీ, మీ తాతల్నీ తిట్టుకుంటా బురదకాళ్ళతో గుమ్మంలోకి వచ్చేడు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చేశానండి. సంతోషానికే. వెళ్ళిన మనిషి పిలవగానే తిరిగి రావడం నా జన్మలో చూళ్ళేదు.

అంచేత పొద్దుటే కూయించండి. రోజూ వద్దు, మాక్కూడా కూర కావాలి. వారానికోసారి చాలు. పెట్టె బాగుపడిందో లేదో మీరు చూసుకుంటారు, మావోళ్ళకి వెనక్కి తిరగడం అలవాటవుద్ది.

ఊళ్ళో మాత్రం ఇంజనీరుగారు ససేమిరా అన్నారనే చెబుతాను. తిట్లన్నీ మీకేనండి, ఏమీ అనుకోకండి. మేం ఎలాగా పిలవకూడదు. మీ పెట్టెనైనా పిలవనివ్వండి.