మిరప ఘాటే అనుకున్న నాంచారమ్మ

నాంచారమ్మ అని, మిరపకాయల ముఠాకి మేస్త్రిగా చేసేది. చెప్పేటప్పుడు ముందుది వెనకా వెనకది ముందూ అయిపోతే మీరే సర్దుకోండి, ఈమధ్య నాకు శివరాత్రి ముందో ఉగాది ముందో కూడా తడుముకోవాల్సి వస్తోంది. పన్నెండు మంది ఆడవాళ్లని వెంటేసుకుని కల్లాల్లో కాయలకి తొడిమలు తీయించేదంట, తాలు ఏరించేదంట. తాలంటే తెల్లబడిపోయిన కాయ. ఆ ముఠాలోనే ఆమె చెల్లెలి కూతురు సైదమ్మ ఉండేది. తల్లి పోతే నాంచారమ్మే పెంచింది. ఎర్రటి రాశిలో తాలుకాయ ఎక్కడ దాక్కున్నా ముందు సైదమ్మకే కనపడేదంట.

ఇంక కల్లంలో కూర్చుంటే తుమ్ములూ ముక్కు కారడమూ మామూలే అనుకో. కొత్తగా వచ్చినదానికి నాలుగు రోజులు ముక్కు ఆగకపోతే, కల్లం నిన్ను చేర్చుకుందిలేవే అని నవ్వేవాళ్లంట. అందుకే ఆ ఏడు సైదమ్మకి జలుబు వదలకపోయినా ఎవరూ పట్టించుకోలేదు. ఘాటుకైతే నీళ్లు కారతాయి, రెండు వైపులా కారతాయి, ఇంటికెళ్లి మొహం కడుక్కుంటే తగ్గుతాయి. సైదమ్మకి ఎడమవైపే చిక్కగా, పచ్చగా, వాసనతో వచ్చేదంట. వంగితే నుదురు బరువెక్కేదంట, పైపళ్లు లాగేవంట. శివరాత్రికి మూడు రోజులు పని మానేశారు. అందరి ముక్కులూ తెరుచుకున్నాయి, దీనిది తెరుచుకోలేదు. అప్పుడైనా తెలుసుకోవాల్సింది కదమ్మా. తెలుసుకోలేదు.

ఊళ్లోకి వచ్చే నర్సమ్మ చూసి, ఇది ఘాటు కాదు నాంచారమ్మా, లోపల చీము పట్టినట్టుంది, మూడు వారాలు దాటిందంటున్నావు, పెద్దాసుపత్రిలో చూపించు అందంట. దానికి నాంచారమ్మ ఏమందంటే, ముక్కు కారిందని ఆసుపత్రికెళితే మా ముఠా మొత్తానికీ మంచాలు వేయాలమ్మా అంది. అందరూ నవ్వారు. సైదమ్మ కూడా నవ్విందంట, నుదురు పట్టుకుని. పెద్దమ్మ మాటకి ఎదురు చెప్పే పిల్ల కాదు. నాంచారమ్మ శొంఠి అరగదీసి పట్టు వేసింది. ప్రేమ లేక కాదు, ఇన్నేళ్లు ఈ పనిలో ఉన్నదాన్ని, నాకు తెలియని జలుబేమిటి అనుకుంది.

తర్వాత ఏమైందంటే, ఉగాది ముందు, కాదు కాదు, ఉగాది వెళ్లాకే, పొద్దున లేచేసరికి సైదమ్మ ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. ఒళ్లు కాలిపోతోంది. కారం చెయ్యి పెట్టుకుని ఉంటావే అంది నాంచారమ్మ. "లేదు పెద్దమ్మా, చెయ్యి పెట్టలేదు. కన్ను వెనకనుంచి నొప్పి" అందంట ఆ పిల్ల. అయినా ఆముదం గుడ్డ వేసి రెండు రోజులు చూసింది. మూడోరోజు రెప్ప ఎత్తితే కనుగుడ్డు ముందుకు తోసుకొచ్చి ఉంది, అటూ ఇటూ కదలడం లేదు. అప్పుడు ఆటో ఎక్కించారు. ముక్కు చుట్టూ ఎముకల్లో గాలి ఆడే గదులుంటాయంట, వాటిల్లో చీము నిలవుందన్నాడు డాక్టరు. వాటికీ కంటికీ మధ్య గోడ ఉల్లిపొరంతే, ఇంకా ఆగితే మెదడుకి పాకేది, మనిషే దక్కేది కాదు అన్నాడంట. ఆపరేషన్ చేసి చీము తీశారు. మనిషి దక్కింది, ఆ కంటి చూపు దక్కలేదు. ముందే తెస్తే ఎలా ఉండేదని నాంచారమ్మ అడిగిందంట. మందులతోనే తగ్గేదేమోనమ్మా అన్నాడాయన, మెల్లగా. తిట్టినా బాగుండేది అనేది నాంచారమ్మ తర్వాత్తర్వాత.

మరుసటేడు సైదమ్మ మళ్లీ కల్లానికొచ్చింది. ఎడమపక్క తాలుకాయలు వదిలేసేది, దానికి తెలిసేది కాదు. నాంచారమ్మ ఆ పక్కనే కూర్చుని, చప్పుడు కాకుండా వాటిని ఏరి తన చేటలో వేసుకునేదంట. ఒకరోజు ఆ పిల్ల చూడనే చూసింది.

"పెద్దమ్మా, నీ చేటలో నావెన్ని?"

నాంచారమ్మ చేట పక్కకి జరపబోయింది. "పోనీలే, ఏరు" అని సైదమ్మ మళ్లీ పనిలో పడిందంట.

ఆ తర్వాత ముఠాలో ఎవరి ముక్కు పది రోజులు దాటి కారినా నాంచారమ్మే ఆసుపత్రికి లాక్కెళ్లేది. నీకు చాదస్తం పట్టుకుందే అని వెక్కిరించేవాళ్లు. పట్టుకుంది అనేదంట.

ఇదీ జరిగింది. అమ్మాయ్ నాగరత్నం, మేనకోడలివని అడుగుతున్నా, మీ అత్తగారిది ఆ ఊరే కదా, ఈ పేర్లు ఒకసారి సరిచూడు. ఆ పిల్ల సైదమ్మో సైదులమ్మో నాకిప్పుడు అనుమానంగా ఉంది. ఎవరినైనా అడుగు, నాంచారమ్మని మాత్రం అడక్కు. ఆమెకి ఒక్కటీ మరుపు రాలేదంట.