ఉధ్నా దర్వాజా దాంక ఎర్ర సైకిల్

సూరత్, భేస్తాన్. ఆదివారం మధ్యాహ్నం, అపార్ట్‌మెంట్ కింద స్కూటర్లు నిలిపే చోటు. పరుశురాం మరమగ్గాల కార్ఖానాలో జాబర్; ఆగిపోయిన మగ్గాలను, వాళ్ల మాటలో సాంచలను, బాగుచేయడం అతని పని. కరుణ అతని భార్య, మేనమామ కూతురు కూడా. చిన్నప్పుడు ఉధ్నాలో ఒకే చాలీలో, అంటే వరస గదుల లోగిలిలో, పక్కపక్క గదుల్లో పెరిగారు. ఇప్పుడు ఇద్దరికీ నలభై దాటాయి. వాళ్ల మధ్య, చక్రాలు పైకి పెట్టి బోర్లించిన ఒక పిల్లల సైకిల్.

"చెయ్యి పెట్టకు. రంగు పచ్చిగున్నది."

"నిన్న గూడ గిదే అన్నవు బావా. గింత ఎండల ఇంక పచ్చిగుంటదా?"

"ఆయిల్ పేంటు కరుణా. పైకి ఆరినట్టుంటది, లోపల ఆరది. నువ్వు ఏలు పెడితె ముద్ర పడ్తది."

"పడనీ. ఇన్ని ఐతారాలు నువ్వు ముట్టుకున్నవు, నేను జర ముట్టుకుంటె ఏమైతది. కార్ఖానల సాంచ బందువడితె గూడ గింత పరేషాన్ గావు నువ్వు."

"సాంచ సేటుది. ఇది నాది. ఆ పానా ఇటియ్యి."

"ఇగో."

"అమ్మ గది ఖాళీ చేసిననాడు ఎట్లున్నదో యాదికున్నదా? అటక మీద బొంతల కింద. ఇది సైకిల్ అంటె ఎవ్వలు నమ్మకపోయిరి."

"యాదికున్నది. జంగు పట్టి, టైర్లు పగిలి, సచ్చిన గబ్బిలం లెక్క పడి ఉండె. మా శివకృష్ణ పాత ఇనుప భంగార్ల ఏద్దాం అన్నడు."

"నీ తమ్మునికేం ఎరుక. ఇది బీఎంఎక్స్. గప్పుడు మన ఉధ్నా గల్లీల ఇంకోటి ఉండెనా, చెప్పు. మరాఠోళ్ల పిలగాండ్లు, ఒడియా పిలగాండ్లు, అందరు లైను కట్టి ముట్టుకొని పోయెటోళ్లు. నాయిన దివాలి బోనస్ అంత దీనికే పెట్టిండని అమ్మ ఆయనతోని వారం మాట్లాడలే."

"ఆ ముచ్చట అత్తమ్మ ఇప్పటికి చెప్తది."

"టైర్ల కోసం కామ్‌రేజ్ దాంక పోయిన, తెలుసా? ఈ సైజు ఎవ్వలు పెడ్తలేరట. దుకాణమాయన అడిగిండు, ఎవరికి, కొడుక్కా అని."

"ఏమన్నవు?"

"అవునన్న."

"మనకు కొడుకెక్కడున్నడు? ఉన్న ఒక్క బిడ్డ వాపి హాస్టల్ల ఉన్నది."

"నాకే అని చెప్పాలంటె సిగ్గనిపిచ్చింది. ఎనిమిదేండ్ల పోరడు, ఒక్క మాట ఇనడు, ఇల్లు ఆగం చేస్తడు అని చెప్పిన."

"అయితె నిజమే చెప్పినవు."

"నవ్వు, నవ్వు. నువ్వు కుట్టిన ఈ పసుపు తొడుగులు మాత్రం మస్తుగున్నయి. హాండిల్ మీదిది జర లూజున్నది గని."

"చీర ముక్కకు గంతకంటె గట్టిగ కుట్టు రాదు. ఇప్పుడేం చేస్తున్నవు?"

"తిప్పి నిలవెడ్తున్న. పక్కకు జరుగు. మొదటి రౌండు."

"నువ్వు ఎక్కుతవా?"

"మల్ల ఎవరెక్కుతరు?"

"బావా, నీ కడుపు సూడు, దాని సీటు సూడు."

"బీఎంఎక్స్ మీద కూసుంటరా ఎవలన్న? నిలవడి తొక్కాలె. పట్టుకోకు, పట్టుకోకు, నాకొస్తది."

"మోకాళ్లు హాండిల్‌కు తాకుతున్నయి."

"తాకనీ."

"ఎడ్మ దిక్కు స్కూటర్లున్నయి. ఎడ్మ దిక్కు, బావా. నీకు ఎడ్మ చెయ్యి ఏదో యాదికున్నదా?"

"మాట్లాడియ్యకు. బ్యాలెన్సు పోతది."

"పై నుంచి మన పక్కింటి హంసాబెన్ సూస్తున్నది. పాపడాలు ఎండబెట్టుడు ఇడ్సిపెట్టి నిన్నే సూస్తున్నది. ధీరే భాయ్, ధీరే అంటున్నది."

"ఒక్క చెయ్యి ఇడ్సి తొక్కన్నా?"

"వద్దు. నా మాట ఇను, వద్దు. బావా, గోడ. గోడ. అగో, పడ్డడు."

"పడలే. దిగిన."

"గోడను కావలిచ్చుకొని దిగుతరా?"

"బ్రేకు సూసినవా? టక్కున ఆగింది."

"గోడకు ఆగింది."

"నవ్వుడు ఆపు కరుణా. నువ్వు నవ్వితె నాకు నవ్వస్తది, నాకు నవ్వస్తె పక్కలు పట్టుకుంటయి. అబ్బ. నీళ్లియ్యి. లే, వద్దు, ముందుగాల సీటుకు దుమ్మంటింది, ఆ గుడ్డ ఇయ్యి."

"మనిషికి దెబ్బ తాకిందా అని సూసుకోవు, సీటు తుడుస్తవు."

"తాకలే. మోచెయ్యి జర గీకింది. నాకు ఎంత ఖుషీ అయితున్నదో నీకు చెప్పినా సమజ్ కాదు. ఇది పోయిందే అనుకున్న నేను. ప్లేగు యేడు, రైలెక్కినప్పుడు."

"మల్ల ఆ ముచ్చటా?"

"చెప్పనియ్యి. సూరత్ అంత సామాన్లు కట్టుకొని పారిపోతున్నది. నాయిన కార్ఖానల నుంచి ఉరికచ్చి స్టేషన్‌కు నడువుండ్రి అన్నడు. సైకిల్ తీస్కపోదాం అంటె, మనుషులు కిటికీలల్లకెళ్లి ఎక్కుతున్నరు, సైకిల్‌కు జాగెక్కడిది అన్నడు. నేను భుసావల్ దాంక ఏడ్సిన. పక్కన ఒక పెద్దమనిషి మా నాయిన బుజం మీద చెయ్యేసి, ఇంట్ల ఎవలు పోయిండ్రు అని అడిగిండు. నాయిన ఏం చెప్తడు? సైకిల్ అన్నడు."

"నిన్ను రెక్కవట్టి గుంజుకపోయిండు. మా తలుపుల నిలవడి సూసిన నేను."

"అవు, మీరు పోలేదు గదా."

"ఎట్ల పోతం. అమ్మకు నెలలు నిండినయి. రైల్ల కాన్పయితె ఎవరు సూస్తరని బాపు వద్దన్నడు. చాలీల మేము, చివరి గదిల ఒక ముసలామె. అంతే. మిగిలిన తలుపులన్నిటికి తాళాలు."

"ఊర్లె నాకు రోజు దాని రందే. అన్నం ముందట పెట్టుకొని గూడ గదే. వరండల గొలుసేసి ఇడ్సిపెట్టచ్చినం, వాన కొడ్తున్నదో ఏమో, ఎవలన్న ఎత్తుకపోయిండ్రేమో. గంత పెద్ద చాలీల నా సైకిల్ ఒక్కతే ఉన్నది అని."

"ఒక్కతే లేకుండె."

"ఏంది?"

"ఏం లే. నీళ్లు తాగుతవా?"

"నీళ్లు తర్వాత. ఒక్కతే లేకుండె అంటె?"

"మీ అమ్మ పోయేటప్పుడు తాళం చెవులు మా అమ్మకు ఇచ్చింది గదా. గది చెవి, సైకిల్ గొలుసు చెవి, రెండు ఒక్క దారానికే ఉండె."

"అవుతె?"

"అవుతె ఏముంది. అమ్మ పండుకొని ఉండె. నానమ్మ పొయ్యి కాడ ఉండె. బడి బందు. నాతోని ఆడెటోళ్లు లేరు, నన్ను వద్దనెటోళ్లు లేరు. దారం మెడల ఏసుకున్న."

"నా సైకిల్ తీసినవా నువ్వు?"

"తీసిన."

"నా సైకిల్."

"అవు, నీ సైకిల్. ముఖం గట్ల పెట్టకు. ముప్పై ఏండ్లు దాటింది."

"నేను ఆడ అన్నం తినకుంట ఏడుస్తున్న, నువ్వీడ..."

"నేనీడ మస్తు తిరిగిన."

"ఎన్నడన్న చెప్పినవా?"

"ఎన్నడన్న అడిగినవా? నువ్వు ఏడ్సిన ముచ్చటే చెప్తవు ఎప్పుడు. నడిమిట్ల నాది ఎట్ల చెప్పాలె."

"సరే, ఇప్పుడు అడుగుతున్న. ఎక్కడ తిరిగినవు?"

"చాలీలనే."

"చాలీలనేనా?"

"గల్లీల గూడ."

"గల్లీల ఎందాంక?"

"ముందుగాల నీళ్ల ట్యాంకు దాంక. తెల్లారి స్టేషన్ దాంక. ఆ తర్వాత పట్టాలు దాటిన."

"పట్టాలు దాటినవా? పట్టాల దిక్కు సూస్తెనే మా నాయిన ఈపు పగులగొట్టేది."

"ఎవరు ఆపుతరు బావా? ఆపెటోళ్లంత మీ రైల్లనే ఉండిరి."

"నీకు భయం కాలేదా? పదేండ్ల పోరివి."

"మూతికి బాపు రుమాలు కట్టిండు. భయమంటె ఇంట్ల ఉండె. అమ్మ దగ్గితె నానమ్మ ముఖం సూసేదాన్ని, నానమ్మ బాపు ముఖం సూసేది. ఎవలం ఏమనకపోతుంటిమి. బయట గట్ల లేకుండె. బయట అసలేం లేకుండె. సాంచల సప్పుడు లేదు బావా. పుట్టినసంది ఆ సప్పుడు లేని దినం నేనెరుగ. పండుకున్నా అదే, తింటున్నా అదే. అది ఆగితె చెవులల్ల బొయ్యిమన్నది. గప్పుడు ఈ ఎన్క చక్రం టిక్కు టిక్కుమని ఇనొచ్చింది. గంత రోడ్డు మీద గదొక్కటే సప్పుడు. ఉధ్నా అంత నాదే అనిపిచ్చింది."

"ఇంకా? ఇంకెక్కడికి పోయినవు?"

"ఇప్పుడు కోపం లేదా?"

"ఉన్నది. ఎక్కడికి పోయినవు చెప్పు."

"ఉధ్నా దర్వాజా దాంక."

"అబద్ధం. రింగు రోడ్డు చౌరస్తా దాంకనా?"

"రింగు రోడ్డు సూసిన. చీరల మార్కెట్లు సూసిన. బాపు నేసిన బట్ట ఎక్కడికి పోతదో ఎన్నడు సూసింది లేదు, గా దినం సూసిన. గంత గంత బిల్డింగులు, అన్నిటికి షెటర్లు. మూటలు మోసెటోళ్లు లేరు, టెంపోలు లేవు. రోడ్డు నడిమిట్ల ఒక ఆవు పండుకున్నది. నేను పోతె తల ఎత్తి సూసి, మల్ల పండుకున్నది. నేను గూడ దాని పక్కన నడిమిట్ల నిలవడ్డ. ఎంతసేపు నిలవడ్డనో తెల్వది. నా పేరు నేనే గట్టిగ పిలుసుకున్న."

"నీ పేరా?"

"కరుణా అని. షెటర్లకు తాకి మల్ల నాకే ఇనొచ్చింది. మస్తు నవ్వచ్చింది."

"ఇంట్ల ఎవ్వలకు తెల్వదా?"

"ఎట్ల తెల్వది? పొద్దుగాల పోయినదాన్ని, వచ్చేసరికి పొద్దుగూకింది."

"దర్వాజా దాంక పోయి వచ్చుటానికి పొద్దుగూకుడేంది? గంట పని గూడ గాదు."

"నాకు పట్టింది. తిరిగిన అంటున్న గదా."

"అత్తమ్మ కొట్టలేదా?"

"అమ్మకు కొట్టే ఓపికెక్కడిది. నేను వచ్చేసరికి తమ్ముడు పుట్టిండు. తల్లీ పిల్లా మంచిగున్నరు. బాపు వాకిట్ల కూసోని నవ్వుతున్నడు, ఏడుస్తున్నడు, ఎటుపోయినవే అని అడుగుడు గూడ మర్సిపోయిండు. నానమ్మ పోరన్ని తెచ్చి నా ఒళ్లె పెట్టింది. నా చేతులకు చైను నూనె, నల్లగ. నేను సూస్కోలే. వాని నెత్తి నిమిరిన."

"శివకృష్ణ నెత్తికి నా సైకిల్ నూనా?"

"నల్లటి మచ్చ. నానమ్మ దిష్టి చుక్క ఎవరు పెట్టిండ్రని అందరిని అడిగింది."

"అందుకే వానికి గింత జల్ది బట్టతల అచ్చింది."

"అనకు, పాపం. అనకు బావా, నాకు నవ్వస్తున్నది, హంసాబెన్ మల్ల చూస్తున్నది."

"ఫోన్ చేసి చెప్పాలె వానికి. భంగార్ల ఏద్దాం అన్నడు గదా, చెప్పాలె."

"చెప్తువు తియ్యి. ఏందట్ల సూస్తున్నవు?"

"ఏం లే. నేను దీని మీద కిరాణ దుకాణం దాటలేదే. అమ్మ వాకిట్ల నిలవడి పేరువెట్టి పిలుస్తుండె, మలుపు కాడికి పోంగనే ఎన్కకు రావాలె. ఊరి నుంచి అచ్చినంక ఒక్క యేడు తొక్కిన, కాళ్లు పొడుగైనయి, ఇది అటకెక్కింది. కొనిచ్చింది మా నాయిన, ఏడ్సింది నేను, ఊరంత సూసింది నువ్వు. నాది నాది అని ఇన్ని దినాలు రుద్దుతున్న."

"నీదే బావా. నీది గాదని నేనన్ననా?"

"లే, అది గాదు. ఖుషీగనే అంటున్న. ఇది అక్కడ వానల నిలవడి ఉన్నదని ముప్పై ఏండ్లు అనుకున్న. ఇది రింగు రోడ్డు నడిమిట్ల నిలవడ్డది, ఆవు పక్కన. నాకు మస్తు మంచిగనిపిస్తున్నది కరుణా. ఎక్కు."

"నేనా?"

"మల్ల ఎవరు? దర్వాజా దాంక పోయినదానివి. గేటు దాటి రోడ్డు మీదికి పో. నేను ఎన్క ఉరుకుత."

"పైన పాలు పొయ్యి మీద ఉన్నయి."

"పొంగనీ."

"వాచ్‌మన్ ఉన్నడు గేటు కాడ."

"గేటు తియ్యమని చెయ్యి ఊపిన ఆయనకు. తీస్తున్నడు సూడు. డ్రెస్సే ఏసుకున్నవు, చీర గూడ గాదు. ఇంకేం కావాలె?"

"తర్వాత ఎక్కుత. పొద్దుగూకినంక."

"ఇప్పుడే ఎక్కు. నాకు సూడాలనున్నది. పదేండ్ల పోరి ఎట్ల పోయిందో గట్లనే పో."

"గట్లనే పోతె నీకు మంచిగనిపియ్యది."

"ఎందుకనిపియ్యది? మాటలు తిప్పకు. ఏందే, ఎందుకు నవ్వుతున్నవు?"

"నువ్వు నవ్వనంటె చెప్తా."

"నవ్వ."

"నాకు తొక్కరాదు బావా. అప్పుడు రాదు, ఇప్పటికీ రాదు. దర్వాజా దాంక హాండిల్ పట్టుకొని పక్కపొంటి నడ్సుకుంట పోయిన, నడ్సుకుంటనే ఇంటికచ్చిన. జర సీటు గట్టిగ పట్టుకో, ఇయ్యాల ఎక్కుత."