కాలవలో పడ్డ సిలిండర్

నా పేరు లూర్దెస్ పాంగిలినాన్. వయసు నలభై మూడు. వివాహితను. కబనతువాన్ పట్టణంలో మోటారు మెకానిజం నేర్పే బడిలో పాఠాలు చెబుతాను. ఆదివారాల్లో మా ప్రాంతపు మోటారు పందేల సంఘం తరఫున ఇంజన్లు తనిఖీ చేస్తాను. కుడి కనుబొమ్మ మీద కుట్లు పడి కన్ను వాచింది కాబట్టి నేను చెబుతుంటే పోలీసు కార్పొరల్ ఎవాంజెలిస్టా రాస్తున్నారు.

ఫిబ్రవరి పదహారో తేదీ ఆదివారం శాన్ హెర్వాసియో ఊరి పండగ. ధాన్యం మిల్లు చుట్టూ ఉన్న రోడ్డు మూసేసి, గేర్లుండే చిన్న మోటారు సైకిళ్లకు పందేలు పెట్టారు. నిరుటి దాకా ఈ తరగతిలో వేగం కోసం ఇంజన్ సిలిండర్‌ను బోరు చేయించి లోపలి వెడల్పు యాభై ఏడు మిల్లీమీటర్ల దాకా పెంచుకోనిచ్చేవారు. ఈ జనవరి నుంచి నిబంధన మారింది. కంపెనీ ఇచ్చిన యాభై మిల్లీమీటర్లే ఉండాలి. అరుగుదల కింద పావు మిల్లీమీటరు వదిలిపెడతాం. కొత్త నిబంధన మంచిదా కాదా అని నన్నెవరూ అడగలేదు. కొలవమన్నారు, కొలుస్తాను.

ఈ ఫిర్యాదులో ముద్దాయి ఫౌస్తినో మాగ్సినో నాకు పన్నెండేళ్లుగా తెలుసు. పెద్దవాడు కనుక అందరిలాగే నేనూ మాంగ్ తినోంగ్ అంటాను. ఆయన బోరు చేసిన సిలిండర్ల కోసం పక్క రాష్ట్రాల నుంచి కూడా వచ్చేవారు. రోజంతా ఇంజన్ల పక్కనే గడిపి చెవులు మందగించాయి. జనవరిలో నిబంధన చదివి వినిపించినప్పుడు ఆయన లేచి, “ఇది నిబంధన కాదు మేడమ్, నా చేతులు నరకడం” అని వెళ్లిపోయాడు.

ఆయన కూతురు జోవెలిన్‌కు ఇరవై రెండేళ్లు. ఆ రోజు చివరి పందెం గెలిచింది ఆమే. మధ్యాహ్నం మూడున్నరకు పందెం ముగిసింది. వెంటనే రెండో స్థానం జట్టు మేనేజరు బోయెట్ సాల్వాన్ నా తనిఖీ డేరాకు వచ్చి అభ్యంతరం చెప్పాడు.

“ఆ పిల్ల ఏం నడిపింది మేడమ్? వాళ్ల నాన్న సిలిండరే నడిపించింది. విప్పి చూడండి” అన్నాడు.

జోవెలిన్ అక్కడే ఉంది. ఒక్కొక్క వేలే లాగుతూ గ్లవ్ తీసింది.

“విప్పండి మేడమ్. నేనిక్కడే కూర్చుంటా” అంది.

వేడి మీద లోహం సాగుతుంది. చెయ్యి ఆనించి ఉంచగలిగేంత చల్లారాకే కొలవాలి. బండిని డేరాలో నిలబెట్టి ఎదురుచూశాం. బయట జనం పెరిగారు. ఎవరో ఖాళీ డ్రమ్ము వాయించడం మొదలుపెట్టారు. “మా ఊరి పిల్ల గెలిస్తే కళ్లు మండుతున్నాయా?” అని ఒకతను డేరా గుడ్డ మీద చరిచాడు. మరొకతను నా కారు రంగేమిటో గట్టిగా చెప్పాడు. నా కారు రంగు ఎందుకు చెప్పాలి? ఆ మాటకే నాకు ఎక్కువ భయమేసింది.

మాంగ్ తినోంగ్ బండి చుట్టూ తిరుగుతున్నాడు. నా దగ్గరికి వంగి మెల్లిగా మాట్లాడాననుకున్నాడు గానీ అందరికీ వినబడింది.

“మేడమ్, విప్పొద్దు. మేమే తప్పుకుంటాం. కప్పు వాళ్లకే ఇచ్చెయ్యండి.”

“ఎందుకు తప్పుకోవాలి నాన్నా? గెలిచింది నేను” అంది జోవెలిన్.

“నువ్వూరుకో. నీకేం తెలీదు.”

“కొలవనీ నాన్నా. ఏం కాదు.”

ఆయన ఆమెను చంటిపిల్లను చూసినట్టు చూసి బయటికి వెళ్లాడు. సిగరెట్టుకు వెళ్లాడనుకున్నాను.

ఇంజన్ మీది హెడ్ విప్పి, సిలిండర్ బయటికి తీసి బల్ల మీద పెట్టాను. బోయెట్‌కు ఫోను వస్తే బయటికి వెళ్లాడు. డేరాలో నేనూ జోవెలినే ఉన్నాం. వెడల్పు కొలిచే గేజు సరిగా పనిచేస్తోందో లేదో చూద్దామని ఒకసారి లోపల పెట్టాను. యాభై పాయింట్ ఒకటి. అడ్డంగా తిప్పి మళ్లీ పెట్టాను. యాభై పాయింట్ ఒకటి. జోవెలిన్ గేజును చూడటం లేదు, నా ముఖం చూస్తోంది.

“సరిగ్గానే ఉంది” అన్నాను.

“తెలుసు మేడమ్. నాన్న బిగించింది పెద్దది. ఆయన మిల్లుకు పోయినప్పుడు నేనే తీసి కొట్లో కొన్న మామూలుది వేశా. ఎక్కడ గెలిచినా మీ నాన్న సిలిండరే గెలిచిందంటారు. ఒక్కసారి నేను గెలవాలనుకున్నా.”

“మరి ఆయనకు చెప్పలేదా?”

“ఇంతమందిలోనా? ‘నీ సిలిండర్ నాకొద్దు’ అని ఎట్లా చెప్పను మేడమ్? ఇంటికెళ్లాక చెబుతా.”

ఇరువైపుల వాళ్ల ఎదుట కొలిస్తేనే అది కొలత. ఒంటరిగా చూసింది లెక్కలోకి రాదు. అందుకని మీ నాన్నను పిలుచుకురమ్మని ఆమెకు చెప్పాను. ఆమె లేచే లోపే డేరా తాడు తెగింది. పది పదిహేను మంది లోపలికి తోసుకొచ్చారు. ముందు మాంగ్ తినోంగ్. ఆయన నేరుగా బల్ల దగ్గరికి వచ్చి సిలిండర్ తీసుకున్నాడు. నేను ఆయన చొక్కా పట్టుకున్నాను.

“ఆగండి మాంగ్ తినోంగ్, అది సరిగ్గానే...”

ఆయనకు వినబడలేదు. నా కంటి మీద దెబ్బ పడింది. పసుపు హెల్మెట్ ఒకటి కనబడింది, పట్టుకున్న మనిషి కనబడలేదు. కొట్టింది ముద్దాయేనా అని కార్పొరల్ అడిగారు. కాదు. ఆయన రెండు చేతుల్లోనూ సిలిండర్ ఉంది.

లేచి బయటికి వచ్చేసరికి ఆయన మిల్లు వెనక కాలవ గట్టు ఎక్కుతున్నాడు. జోవెలిన్ వెనకే పరిగెడుతూ “నాన్నా, నాన్నా” అని పిలుస్తోంది. డ్రమ్ము ఇంకా మోగుతోంది. నాట్ల కాలం కాబట్టి కాలవ నిండుగా ఉంది. ఆయన సిలిండర్‌ను తల మీదికెత్తి నడిమధ్యకు విసిరాడు. వెనక్కి తిరిగినప్పుడు ముఖం తేటగా ఉంది.

“ఇంక ఎవడు కొలుస్తాడో కొలవమను” అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

జోవెలిన్ ఆయన భుజం పట్టుకుని చెవి దగ్గర ఏదో చెప్పింది. నాకు వినబడలేదు. చొక్కాకు చేతులు తుడుచుకుంటున్నవాడు ఆగిపోయాడు. ఆమె ముఖంలోకి చూశాడు. మళ్లీ చెప్పింది. అప్పుడాయన బూట్లతోనే కాలవలోకి దిగాడు. చప్పట్లు ఆగిపోయాయి. నీళ్లు ఛాతీ దాటాయి. మునిగాడు, లేచాడు, మళ్లీ మునిగాడు. ముగ్గురు కలిసి పైకి లాగితే వాళ్లను విదిలించుకుని మళ్లీ దిగాడు. డేరా మీద పడ్డవాళ్లలో కొందరు కూడా దిగి వెతికారు. ఒక రేకు ముక్క, ఒక చెప్పు దొరికాయి. సిలిండర్ దొరకలేదు.

కొలవాల్సిన భాగం చూపించలేదు కనుక గెలుపు చెల్లదని నేనే రాసి సంతకం పెట్టాను. నిబంధన అదే. కన్ను మీద గుడ్డ అదిమి పట్టుకుని రాశాను. బోయెట్ అది చదివి, “మీరు ముందే చూశారా మేడమ్?” అని అడిగాడు. చూశానన్నాను. ఎంత అన్నాడు. చెప్పాను. కాగితం మళ్లీ చదివాడు.

“ఒక్కరు చూసింది చెల్లదు కదా” అన్నాడు.

“చెల్లదు” అన్నాను.

కప్పు అతనికే ఇచ్చారు. ఫొటో తీసేటప్పుడు దాన్ని పైకెత్తలేదు.

సోమవారం ఉదయం మాంగ్ తినోంగ్ నేనున్న ఆసుపత్రికి వచ్చాడు. గంజి డబ్బా తెచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. మోచేతులు గీరుకుపోయి ఉన్నాయి. నేను ఆయన మీద ఫిర్యాదు ఇవ్వదలచుకోలేదని గట్టిగా చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“ఇవ్వాలి మేడమ్. దండం పెడతా, కేసు పెట్టండి.”

“ఎందుకు?”

“కేసంటే మీరు ప్రమాణం చేసి జరిగిందంతా చెప్పాలి గదా. అందులో ఆ కొలత కూడా చెబుతారు గదా. వాళ్లు రాసుకుంటారు గదా. నా పిల్ల గెలిచిందని ఇంకెక్కడా రాయరు మేడమ్.”

అందుకే ఈ ఫిర్యాదు ఇస్తున్నాను. పై పేరుగల ఫౌస్తినో మాగ్సినో డేరాలోకి జొరబడి తనిఖీలో ఉన్న సిలిండర్‌ను ఎత్తుకుపోయి కాలవలో పారేశాడు. ఇది నేను కళ్లారా చూశాను. అంతకు ముందు ఆ సిలిండర్‌ను నా చేత్తో రెండుసార్లు కొలిచాను. యాభై పాయింట్ ఒకటి మిల్లీమీటర్లు. జోవెలిన్ మాగ్సినో నిబంధనకు లోబడి గెలిచింది.

కార్పొరల్ రాసింది నాకు మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించారు. కొలత ఉన్న వాక్యం మళ్లీ చదవమని అడిగితే మళ్లీ చదివారు. నేను చెప్పినట్టే ఉంది. భయపడి గానీ మొహమాటపడి గానీ ఇందులో ఒక్క మాటా చెప్పలేదు. దేవుని ఎదుట ప్రమాణం చేసి ఇదంతా నిజమని చెబుతున్నాను.

(సంతకం) లూర్దెస్ పాంగిలినాన్
కుడి బొటనవేలి ముద్ర
శాన్ హెర్వాసియో పోలీసు స్టేషన్, ఫిబ్రవరి పద్దెనిమిది