ఐలేశ్ చెలకల పుట్టిన మందు

"మొన్న వానకాలం వరంగల్ నుంచి ఒక సైన్సు మేడం వచ్చిందా, నా చెలకల చెంచెడు మట్టి తీస్కపోయిందా, గంతే. గొప్పలు జెప్పుకునుడు నాకు రాదు" అన్నడు ఐలేశ్, కొత్తగూడల సత్తమ్మ చాయ్ కొట్టు కాడ కాలు మీద కాలేసుకొని. "ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? మనిషైనా మేకైనా ఒంట్ల కండ కట్టేది ఇరవై రకాల అమైనో ఆమ్లాలతోనట. ఇరవై రకాల ఇటుకలనుకో. నా చెలకల బ్యాక్టీరియా ఉన్నది సూడు, కంటికి ఆనదు గాని, ఆ ఇరవై సాలవని ఇరవై ఒకటోది సొంతంగ పోసుకున్నది! దానికి ఉప్పుల ఉండే క్లోరిన్ అతికిచ్చి, ఇటుక మీద ఇటుక పేర్చి, పక్క పురుగులను సంపే మందు కట్టింది. మేస్త్రి లేడు, తాపీ లేదు!"

"నిజమేనా అన్నా?" అన్నడు బిక్షం. ఆయన రెండెకరాల మిర్చి ఎండుతెగులుకు నిలువునా వాడిపోతున్నది. మూడు దినాల సంది బువ్వ సయిస్తలేదు.

"నిజమా అంటవేందిరా? మా బర్రె కాలికి పుండైతే ఆ చెలకల నడిపిచ్చిన. అవతలి గట్టుకు వోయేసరికి పుండు మానింది. తిరిగొచ్చేసరికి సూడి కట్టింది!"

"దున్నపోతు లేకుంటనా?" అన్నది సత్తమ్మ.

"మందు అసుంటిది అక్కా! ఇంకోటి ఇను. మా తాతను ఆ చెలకలనే బొందవెట్టినం, ముప్పై ఏండ్లాయె. మొన్న ట్రాక్టర్ తోలుతుంటే మట్టి లోపల్నుంచి 'జర మెల్లగ తోలురా, ఇప్పుడే కన్నంటుకున్నది' అన్నడు. తవ్వి జూస్తే నాకంటే పడుసుగున్నడు!"

అందరు నవ్విన్రు. బిక్షం నవ్వలే. లేచొచ్చి ఐలేశ్ ముంగట నిలవడ్డడు.

"అన్నా, ఒక్క బస్త మట్టి ఇయ్యరాదే. చెట్ల మొదట్ల పోసుకుంట. నీ కాల్మొక్త."

ఐలేశ్ గొంతు సవరించుకున్నడు. "ఇద్దును గాని... ఆ బ్యాక్టీరియా నా మాట తప్ప ఇనది."

బెంచి చివర్ల తండా నుంచొచ్చిన ద్వాళి కూసున్నది. చాయ్ గ్లాసు కింద వెట్టింది.

"తమ్మీ, గా మేడం వెంట గడ్డపార వట్టుకొని తిరిగింది నేనే. మందు కట్టే పురుగు దొరికింది నా పోడుల. నీ మట్టి గూడ సూసింది. గడ్డిమందు కొట్టీ కొట్టీ దాంట్ల జీవమే మిగల్లేదన్నది."

బిక్షం దిక్కు తిరిగింది. "నా మట్టి నీ మిర్చికి పనిజేస్తదో లేదో నాకెరుక లేదు బిడ్డా. ఇంకా పరీక్షలల్లనే ఉన్నదట. వాడిన చెట్టొకటి పీకి వ్యవసాయ ఆఫీసరుకు సూపెడదాం పా, నేనొస్త."

బిక్షం ఆమె వెనకాల నడిచిండు.

ఐలేశ్ చుట్టూ జూసిండు. "ఆ బ్యాక్టీరియా పుట్టింది మాత్రం నా చెలకలనే. ద్వాళి కాడికి ఇల్లరికం వోయింది, గంతే!"

"మంచిగ వోయింది తియ్యి" అన్నది సత్తమ్మ గ్లాసులు కడుగుకుంట. "నీ కాడుంటే బతుకుతుండెనా?"