పలచబడ్డ వెదురు

తోడికోడళ్ల ఇళ్ల మధ్య గోడ లేదు, వెదురు పొద ఉంది. ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయిన ఏడాది చిన్నావిడ నాటించింది. ఈసారి చలి రాకముందే ఆకులు పండి రాలిపోయి, అవతల బట్టలు ఆరేస్తున్న పెద్దావిడ కనిపించింది.

"రాలిన ఆకులు ఊడ్చెయ్యకు. పొద మొదళ్లలోనే ఉండనీ."

"మిమ్మల్ని ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదు. చలి ముదరకముందే మాగిన పేడ ఎరువు వేసి, పైన ఆ ఆకులే కప్పు."

"నేనెప్పుడూ ఏమీ వెయ్యలేదు. అయినా నిరుటిదాకా నవనవలాడింది."

"ఏటా తొలకరికి ఇటునుంచి నేను వేశాను కాబట్టి."

"మీరా? మీ మొహం కనపడకూడదనే కదా నేను నాటించింది!"

"నీ మొహం కనపడకూడదనే నేనూ వేశాను."

"మరి ఈ ఏడెందుకు మానేశారు?"

పెద్దావిడ తడి దుప్పటి దులిపి తీగ మీద వేసింది.

"ఎండాకాలంలో నీకు ఆపరేషన్ అయిందన్నారు. లేచి తిరుగుతున్నావో లేదో నాకు కనపడాలిగా."

"తిరుగుతూనే ఉన్నాను."

"చూస్తున్నాను. బాగా చిక్కిపోయావు. మా ఇంట్లో ఇంకో బస్తా ఎరువుంది, పంపించనా?"

"ఈ ఏటికి వద్దులే అక్కా."