మొద్దు మీద నిద్ర

భద్రాచలం కోర్టు వరండాలో, గోదారి గాలికి కాగితాలు రెపరెపలాడుతుంటే, ఒక యువకుడు వకీలమ్మతో మాట్లాడుతున్నాడు.

“పోడు భూముల పట్టాల కోసమని గూడెపోళ్లు చర్ల రోడ్డుకు మొద్దు అడ్డమేసి కూసున్నరు మేడం. నా ఇంటర్వ్యూ పోయింది. పోలీసులు కేసు తీసుకుంటలేరు. నేనే వెయ్యొచ్చునా?”

“వెయ్యొచ్చు. మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు కంప్లైంట్ వేద్దాం. సాక్ష్యం ఉందా?”

“వాట్సప్‌ల వచ్చిన ఫొటో ఉంది, సూడుండ్రి.”

“గీ మొద్దు మీద తలపెట్టి పడుకున్నదెవరు?”

“నేనే. ఒక అవ్వ అంబలి పోసి నీడకు కూసోమన్నది. ఇప్పపూలు రాలుతుండె. ఆడోళ్లు పాడుతుండిరి. కన్నంటుకుంది.”

“లేచేసరికి?”

“పొద్దు వాలింది. మధ్యాహ్నమే మొద్దు తీద్దామనుకున్నరట. నన్ను లేపబుద్ధి కాక ఆగిండ్రట.”

“మరి తొలి ముద్దాయిగా ఎవరి పేరు రాయాలె?”

“గసొంటి నిద్ర మళ్ల పట్టలే మేడం.”