పంకజాక్షి చేతులు

ఏం మే అమ్మణ్ణీ, గలాసు పగిలితే పగల్నీలే, బిడ్డను మాత్రం ఓటి చేతులని అనబాకు. ఆ మాట వింటానే పెరిగింది పంకజాక్షి. నువ్వెరగవులే. పూతలపట్టు పక్కన మా ఊర్లో, మా గోడవతల దొరస్వామి కూతురు. యుద్ధం జరిగే కాలం, దీపానికి చమురు గూడా దొరికేది కాదు... యాడున్నాను? ఆఁ, చిన్నప్పుడెప్పుడో సట్టి జారవిడిచిందంట. ఆ పొద్దు నించి వాళ్ల నాయన, "ఓటి చేతులది, దాని చేతిలో ఏదీ నిలవదు" అని వచ్చినోళ్లకీ పోయినోళ్లకీ చెప్తా ఉండేవాడు. విని విని, ఆ బిడ్డకి చెంబు పట్టుకున్నా చేతులు వణికేవి. వణికితే జారకుండా ఉంటాదా? "సూసినారా, నేను చెప్పలా?" అనేవాడు.

ఒకనాడు వాళ్లింట్లో జొన్నల పాతర తెరిచినారు. గింజలు దాచేదానికి నేలలో తవ్విన గుంత మే, మూతి సన్నం, లోపల కడవ మాదిరి వెడల్పు. గాలి ఆడనీ అని మూత తీసి అవతలికి పోయినారు. దొరస్వామి కొడుకు ఏకాంబరం, అప్పుడప్పుడే నడక నేర్చినోడు, పొయ్యి అందులో పడినాడు. వాడి ఏడుపు రాన్రానూ సన్నబడిపోతా ఉండింది. పెద్దోళ్ల భుజాలు ఆ మూతిలో పట్టవు. లాంతరు దించితే ఆరలేదు, సరే, లోపల గాలి ఉండాది. ఆ మూతిలో పట్టేంత సన్నంది, పిల్లోడ్ని ఎత్తేంత పెద్దది పంకజాక్షి ఒకత్తే. "దాన్నా! నా బిడ్డను మద్దెలో జారవిడిచేస్తాది!" అని దొరస్వామి అరిచినాడు. ఆయమ్మి అందరి ముందరా చేతులు పావడ మడతల్లో దాచుకునింది. మా అమ్మ తాయమ్మ పొయ్యి ఆ చేతులు బయటికి లాగి, నడుముకు తాడు కడతా, "నా తట్టు సూడు మే. మా దూడ పారిపోతా ఉంటే పలుపు పట్టింది ఎవురు? ఈడ్చుకుపోయినా వదల్లేదు గదా నువ్వు. పో, నేనుండాను" అనింది. దిగింది. పిల్లోడి ఏడుపు టక్కున నిలిచిపోయింది. పైనున్నోళ్లం ఒకరి మొగం ఒకరు సూసుకోలేక సచ్చినాము. శానా సేపటికి, "లాగండి!" అని లోపల నించి గొంతు. పైకొచ్చినాక బిడ్డను ఇయ్యి మే అంటే ఇయ్యదు. గట్టిగా బిగుసుకుపోయిన ఏళ్లను మాయమ్మే మెల్లిగా ఊడదీసింది. దొరస్వామి మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అంతటితో ఆ బెదురు పోయిందనుకుంటావు. చిత్తూర్లో కాపరం పెట్టింది, బిడ్డల్ని కనింది, మనవళ్లని సాకింది. ఎవురన్నా పసిబిడ్డను చేతికియ్యబోతే, ముందు నేల మీద కూచుంటాది, అప్పుడు చేతులు చాపుతాది. ముసిలిదయినా అంతే. "ఏకాంబరాన్ని గుంతలో నించి ఎత్తుకొచ్చినదానివి, ఇదేందక్కా?" అని ఒకసారి అడిగినాను. "నిలబడి ఎత్తుకుంటే జారిపోతాదేమో మే" అనింది...

ఊఁ. ఆ వక్కాకు సంచి ఇట్లా ఇయ్యి.